పుస్తకానికి జైలు, గైడుకు బెయిలు

మన దిగువ కృష్ణా డెల్టాలో ఒకే ఒక్క చట్టం తు.చ. తప్పకుండా అమలవుతోంది. హెల్మెట్ చట్టం కాదు. ఇసుక చట్టం కాదు. వరిమడిని రాత్రికి రాత్రి రొయ్యల చెరువు చెయ్యకూడదన్న చట్టం అసలే కాదు. కాపీరైట్ చట్టం! అదీ బజార్లో కాదు. కాలేజీ లైబ్రరీలో, రిఫరెన్సు గది మూలన, పెయింటు పెచ్చులూడిన ఇనప బీరువా ముందు.

ఏ కాలేజీ అని అడక్కండి. బందరనుకుంటే బందరు, గుడివాడనుకుంటే గుడివాడ, అవనిగడ్డ అనుకుంటే అవనిగడ్డ. తాళం కంపెనీ మారుతుందేమో గానీ తంతు మారదు. నాగాయలంక అవతలి ఊరి నుంచి పొద్దున్నే బస్సు పట్టుకుని, చల్లపల్లి మీదుగా నిలబడే ప్రయాణం చేసి దిగిన ఎం.ఏ. పిల్ల ఒకతె ఉందనుకుందాం. క్లాసులో మాస్టారు చెప్పారు: "ఆ పుస్తకం కొనకండమ్మా, మీవల్ల కాదు. మూడో అధ్యాయం చదివితే చాలు. లైబ్రరీలో రిజర్వు చేయించాను." చేయించడంతో ఆయన ధర్మం తీరింది. చదవడం ఈ పిల్ల ధర్మం. మధ్యలో కౌంటరుంది.

"అది రిజర్వు పుస్తకమమ్మా, ఇష్యూ చెయ్యం."

"ఇక్కడే కూర్చుని చదువుకుంటాను సార్."

"తాళంచెవి అటెండరు దగ్గరుంది. అతను పామర్రులో పెళ్ళికెళ్ళాడు."

"పోనీ రేపొచ్చి ఆ ఒక్క అధ్యాయం జెరాక్స్ తీయించుకోనా సార్?"

అంతవరకూ ఫ్యాను కింద కునుకు తీస్తున్న లైబ్రరీకి ఒక్కసారిగా మెలకువ వస్తుంది. "జెరాక్సా! కాపీరైటమ్మా! కేసవుతుంది. నీకూ అవుతుంది, నాకూ అవుతుంది."

ఆ మాటతో పిల్ల నోరు పడిపోతుంది. ఆ చట్టం 1957 నాటిది. దాన్ని చదివినవాళ్ళు ఆ గదిలో ఒక్కరూ లేరు. చదివిన చట్టానికి ఎవరు భయపడతారు? చదవని చట్టమే కదా బాగా పనిచేసేది.

మర్నాడు అటెండరు పెళ్ళిభోజనం అరిగించుకుని వచ్చి బీరువా తీశాడనుకోండి. పుస్తకం బయటికొస్తుంది. మొదటి పేజీలో ఊదారంగు సిరాతో "రిఫరెన్స్ ఓన్లీ" ముద్ర. లోపల ఇంకోటి. ఎవరికో అనుమానమొచ్చి, మూడో అధ్యాయంలో గిరాకీ సరఫరా గీతలు కలిసే చోట సరిగ్గా ఇంకోటి గుద్దారు. ఆ ముద్ర కింద సమతౌల్య ధర ఎంతో దేవుడికి తెలియాలి. చివరి అట్టకి అంటించిన గడువు చీటీ మాత్రం తెల్లగా మెరుస్తూ ఉంటుంది, పెళ్ళిచూపుల గదిలో గోడలాగా. ఒక్క తేదీ లేదు. పుస్తకం కొన్న నాటి నుంచీ కన్యగానే ఉంది.

ఇప్పుడు గేటు దాటి నాలుగడుగులు వెయ్యండి. జెరాక్స్ షాపు. ఆధార్, పాన్, అడంగల్, ఈసీ, లామినేషన్, స్పైరల్ బైండింగ్ అని రాసిన బోర్డు. లోపల రెండు మిషన్లు గంగిరెద్దుల్లా తలలూపుతున్నాయి. గోడకి తాడు కట్టి, తాడుకి క్లిప్పులు పెట్టి, క్లిప్పులకి గైడ్లు వేలాడదీశారు. ఏ గైడు ఏ పుస్తకంలోంచి ఎత్తి రాసిందో, ఏ పుస్తకం ఏ గైడులోంచి ఎత్తి రాసిందో తేల్చాలంటే సుప్రీంకోర్టు సరిపోదు. పరీక్షల ముందు వారం ఇక్కడ ఒక ప్రత్యేక సేవ మొదలవుతుంది. "అన్నా, రెండో యూనిట్ మైక్రో ఒకటి!" గైడు పేజీ చీమ తలకాయంత అక్షరాలకి కుదించుకుపోయి అరచేతిలోకి వస్తుంది, అక్కణ్ణుంచి చొక్కా చేతి మడతలోకి, అక్కణ్ణుంచి జవాబుపత్రంలోకి. ఆ పేజీ మీద కూడా కాపీరైట్ హెచ్చరిక ఉంటుంది. అది కూడా కుదించుకుపోయి ఉంటుంది కాబట్టి ఎవరికీ కనపడదు.

చదువుకోవడానికి కాపీ తీస్తే నేరం. చదవకుండా ఉండడానికి కాపీ తీస్తే వ్యాపారం. చట్టం గేటు దాకా వచ్చి ఆగిపోయింది. పాపం, ఎండ ఎక్కువగా ఉంది.

ఇంతకీ కేసవుతుందా? అయింది. ఎప్పుడో కాదు, 2012 ఆగస్టులోనే. ఢిల్లీ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్ ఆవరణలో రామేశ్వరి ఫోటోకాపీ సర్వీస్ అని ఒక చిన్న దుకాణం ఉంది. మాస్టర్లు సిలబస్ ఇచ్చేవారు, ఆ సిలబస్ ప్రకారం ఏ పుస్తకంలో ఏ అధ్యాయమో చూసి, లైబ్రరీ పుస్తకాల్లోంచి జెరాక్స్ తీసి, కుట్టి, అప్పట్లో పేజీకి 40 పైసల లెక్కన పిల్లలకి ఇచ్చేవారు. దాని మీద ఆక్స్‌ఫర్డ్ యూనివర్సిటీ ప్రెస్, కేంబ్రిడ్జ్ యూనివర్సిటీ ప్రెస్, టేలర్ అండ్ ఫ్రాన్సిస్ కలిసి ఢిల్లీ హైకోర్టుకెక్కాయి. నష్టపరిహారం 60 లక్షల రూపాయలు ఇప్పించమన్నాయి. పేజీకి 40 పైసల చొప్పున ఆ సొమ్ము కూడబెట్టాలంటే ఖర్చులేమీ లేకుండానే కోటిన్నర పేజీలు తియ్యాలి. విశ్వవిద్యాలయాన్నీ ప్రతివాదిగా చేర్చాయి. అటువైపు ఎనిమిది శతాబ్దాల చరిత్ర ఉన్న విద్యాపీఠాల ముద్రణాలయాలు, ఇటువైపు టోనరు మరకలంటిన చేతులు. ఈ దృశ్యం బాపు గారి కార్టూనుకి సరిపోయేది.

విద్యార్థులు సంఘం పెట్టుకుని కేసులో చేరారు. అధ్యాపకులు చేరారు. అసలు తమాషా ఏమిటంటే, ఆ పుస్తకాలు రాసిన వాళ్ళలోనే కొందరు మా పేరు చెప్పి పిల్లల్ని కోర్టుకీడ్చకండని ప్రచురణకర్తలకి మొర పెట్టుకున్నారు. అమర్త్య సేన్ కూడా ఈ దావా వద్దని ఉత్తరం రాశారు. రచయిత వద్దంటున్నాడు, పాఠకుడు వద్దంటున్నాడు, మధ్యవర్తి మాత్రం రచయిత హక్కుల కోసం ప్రాణమిస్తానంటున్నాడు! మన ఊళ్ళో పొలం తగాదాల్లో ఇలాంటి పెద్దమనుషుల్ని చాలామందిని చూశాం.

2016 సెప్టెంబరు 16న జస్టిస్ రాజీవ్ సహాయ్ ఎండ్లా దావా కొట్టేశారు. ఆయన తీర్పులో తన లా కాలేజీ రోజులు గుర్తు చేసుకున్నారు. అప్పట్లో జెరాక్స్ ఖరీదు, పిల్లలు వంతులవారీగా లైబ్రరీలో కూర్చుని పేజీలకి పేజీలు చేత్తో రాసుకునేవారట. చేత్తో రాసుకుంటే తప్పుకానిది మిషన్‌తో తీసుకుంటే తప్పెలా అవుతుందన్నది ఆయన వాదం. కాపీరైట్ దేవుడిచ్చిన హక్కేమీ కాదనీ, చట్టం ఇచ్చినంత మేరకే అదనీ తేల్చి చెప్పారు. ప్రచురణకర్తలు అప్పీలుకెళ్ళారు. అదే సంవత్సరం డిసెంబరు 9న జస్టిస్ ప్రదీప్ నందరాజోగ్, జస్టిస్ యోగేశ్ ఖన్నాల డివిజన్ బెంచి చెప్పింది కూడా దాదాపు ఇదే. టీచరు గానీ విద్యార్థి గానీ బోధనలో భాగంగా కాపీ చేసుకోవచ్చు. బోధన అంటే బెల్లు కొట్టినప్పటి నుంచి మళ్ళీ బెల్లు కొట్టేదాకా అని అర్థం కాదు, పాఠానికి ముందు చదివేదీ, తర్వాత చదివేదీ కూడా బోధనే. మిషన్ బటన్ నొక్కింది ఎవరన్నది ముఖ్యం కాదు. ఇన్ని శాతం పేజీలే తియ్యాలన్న కొలత మన చట్టంలో లేదు. ఆ పని చదువుకి ఎంత మేరకు అవసరమో అదే కొలత. పుస్తకాలకి పుస్తకాలే తీసేశారా, ఆ తీసినవి పాఠానికి నిజంగా కావాలా అన్న ఒక్క సంగతి మాత్రం విచారించమని కింది బెంచికి పంపింది. ఆ విచారణకి ప్రచురణకర్తలు నిలబడలేదు. 2017 మార్చిలో దావా వెనక్కి తీసుకున్నారు. ప్రచురణకర్తల తరఫున లైసెన్సులిచ్చే సంఘం సుప్రీంకోర్టు గడప తొక్కింది. మే 9న అక్కడా తలుపు మూసేశారు.

ఐదేళ్ళ యుద్ధం. గెలిచింది పిల్లలు. ఆ వార్త ఢిల్లీ నుంచి బయల్దేరి బెజవాడ దాకా వచ్చినట్టు లేదు. వచ్చినా బందరు ప్యాసింజరు తప్పిపోయి ఉంటుంది.

అమెరికాలో చూడండి, ఇదే ఆక్స్‌ఫర్డ్, ఇదే కేంబ్రిడ్జ్, తోడుగా సేజ్. అట్లాంటాలోని జార్జియా స్టేట్ యూనివర్సిటీ లైబ్రరీ కంప్యూటర్లో క్లాసు కోసం రిజర్వు పెట్టిన అధ్యాయాల మీద 2008లో దావా వేశాయి. పన్నెండేళ్ళు లాగి లాగి 2020లో తేలిందేమిటంటే, విచారణలో చివరికి మిగిలిన 48 ఆరోపణల్లో పదింటిలో మాత్రమే ఉల్లంఘన జరిగిందట. అక్కడ లైబ్రరీ వాళ్ళు భయపడకుండా పిల్లలకి పుస్తకం ఇచ్చి, కేసు పడితే లాయర్ని పెట్టుకుని పోట్లాడారు. మన దగ్గర కేసు పడదు, లాయరు అక్కర్లేదు, పోట్లాట అసలే అక్కర్లేదు. అయినా పుస్తకం ఇవ్వరు. అహింసా మార్గం.

అసలీ దొరలు మనకి కాపీ చెయ్యడం తప్పని నేర్పడమే ఒక విడ్డూరం. 1611లో గ్లోబ్ అనే ఓడ దిగి ఇంగ్లీషు కంపెనీ వాళ్ళు బందరులో కొట్టు పెట్టారు. దేనికి? మన అద్దకం బట్టల కోసం. బందరు, పెడన ప్రాంతపు రంగులు ఉతికినా పోవడం లేదని ఐరోపా అంతా వెర్రెత్తిపోయింది. తర్వాత ఏమైంది? అక్కడివాళ్ళు మన అద్దకాలు చూసి అచ్చులు తయారు చేసుకున్నారు. కూర్దూ అని ఒక ఫ్రెంచి పాదిరీ ఉండేవాడు. తెలుగు కూడా నేర్చి నిఘంటువు రాసిన మనిషి. ఆయన తన దగ్గర మతం పుచ్చుకున్న అద్దకంవాళ్ళని అడిగి, కరక్కాయ ఎప్పుడు వెయ్యాలో, పాలలో ఎందుకు ముంచాలో, రంగు ఎలా పట్టించాలో మొత్తం గుట్టంతా 1742లో ఉత్తరం రాసి ఫ్రాన్సుకి పంపించాడు. ఆ ఉత్తరం అచ్చేశారు కూడా. రాయల్టీ ఎంతొచ్చిందని కోరమాండల్ తీరంలో ఏ అద్దకందారూ అడగలేదు. అడగడానికి సెక్షను లేదు.

దీనికి ఎదురుగా ఇంకో దొరని చెప్పకపోతే అన్యాయం. బందరులో కొలువు చేసిన సి.పి. బ్రౌను. ఆయన ఏం చేశాడు? పండితుల్ని జీతానికి పెట్టుకుని, తాటాకుల మీద చెదలు తింటున్న తెలుగు కావ్యాల్ని కాగితాల మీదికి నకళ్ళు ఎత్తించాడు. సొంత డబ్బు పోసి, అప్పులు చేసి. ఒక్కో కావ్యానికి నాలుగైదు ప్రతులు సంపాదించి, పోల్చి, మళ్ళీ శుద్ధప్రతి రాయించాడు. మన సాహిత్యం బతికి బట్టకట్టింది కాపీల వల్లే. ఆ రోజుల్లో మన లైబ్రరీ కౌంటరు ఉండుంటే ఏమయ్యేదో ఊహించుకోండి. "బ్రౌను గారూ, తాటాకు రిజర్వులో ఉందండీ. ఇష్యూ చెయ్యం. చెదపురుగులు చదువుకుంటున్నాయి."

లైబ్రరీల మాటకొస్తే ఈ డెల్టాకి ఉన్న పేరు మామూలుది కాదు. అయ్యంకి వెంకటరమణయ్య గారు 1914లో బెజవాడలో సభ పెట్టి ఆంధ్రదేశంలోని గ్రంథాలయాలన్నిటికీ ఒక సంఘం కట్టారు. పాతూరి నాగభూషణం గారైతే 1935లో పుస్తకాల్ని పడవెక్కించారు. కృష్ణ కాలువ మీద పడవ వస్తుంటే గట్టున జనం నిలబడి పుస్తకం అందుకునేవారు. రోడ్డు లేని ఊళ్ళకి పుస్తకం నీళ్ళ మీద వెళ్ళింది. ఇప్పుడు రోడ్లున్నాయి, బస్సులున్నాయి, 2008 నుంచి బందరులో కృష్ణా విశ్వవిద్యాలయం కూడా ఉంది. కాలువ దాటిన పుస్తకం కౌంటరు దాటలేకపోతోంది. 1960 నాటి పౌర గ్రంథాలయాల చట్టం ప్రకారం మీరు కట్టే ఇంటిపన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ పన్ను. అది మాత్రం రిజర్వులో పెట్టకుండా ఠంచనుగా వసూలు చేస్తారు.

బీరువా అసలు తెరుచుకోదా అంటే, తెరుచుకుంటుంది. కాలేజీలకి గ్రేడులిచ్చే న్యాక్ వాళ్ళు వచ్చిన రోజు. ఆ రోజు అటెండరుకి పెళ్ళిళ్ళుండవు. బల్ల మీద దుప్పటి పరిచి, పుస్తకాలు విసనకర్రలా విప్పి పెట్టి, పక్కన కుండీలో క్రోటన్ మొక్క పెడతారు. నలుగురు పిల్లల్ని తెల్లచొక్కాలు వేసుకుని రమ్మని, తలొక పుస్తకం చేతికిచ్చి, "చదువుతున్నట్టుండండి" అంటారు. ఆ రోజు ఆ పుస్తకం మీద ఏ కాపీరైటూ వర్తించదు. సాయంత్రం కమిటీ కారు గేటు దాటగానే పిల్లల చేతుల్లోంచి పుస్తకాలు లాక్కుంటారు. అప్పుడే ఏ పిల్లో నిజంగానే చదువుతూ ఉండి "ఒక్క పేజీ సార్" అంటే, వచ్చిన గ్రేడుని కూడా పోగొట్టే క్రమశిక్షణ లేని పిల్ల కింద లెక్క.

మొన్నమొన్న కేంద్రం 'వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్' అని మూడేళ్ళకి 6,000 కోట్లు పెట్టి ముప్ఫై ప్రచురణ సంస్థల జర్నళ్ళు ఏకంగా కొనేసింది. మంచి పనే. అది ప్రభుత్వ విద్యాసంస్థలకే. గుడివాడలోనో కైకలూరులోనో ప్రైవేటు డిగ్రీ కాలేజీలో చదివే పిల్లకి నేషన్ వేరు, సబ్‌స్క్రిప్షన్ వేరు. వర్తించే చోట కూడా పాస్‌వర్డు అనే కొత్తరకం బీరువా తయారైంది. తాళంచెవి ఎవరి దగ్గరుందో అడిగి చూడండి. పామర్రు పెళ్ళి ఇంకా అవుతోంది.

దివిసీమకి వద్దాం. అవనిగడ్డ పేరు చెబితే రాష్ట్రమంతా గుర్తొచ్చేది టీచరు ఉద్యోగాల డీఎస్సీ కోచింగు. ఎక్కడెక్కడి జిల్లాల నుంచో పిల్లలు వచ్చి, గదులు అద్దెకి తీసుకుని, మెస్సుల్లో తిని చదువుతారు. వాళ్ళ కష్టం మీద నాకు గౌరవం తప్ప వేరే లేదు. ఆ మెటీరియల్ సంగతే ముచ్చట. సర్కారువారి ఆరో తరగతి నుంచి పదో తరగతి దాకా పాఠ్యపుస్తకాలు, తెలుగు అకాడమీ పుస్తకాలు కత్తిరించి, బిట్లుగా కొట్టి, చేత్తో రాసి, జెరాక్స్ తీసి కట్టలు కడతారు. కొన్నిటి మీద పెద్దక్షరాలతో రాసి ఉంటుంది, దీన్ని జెరాక్స్ తీసినవారు శిక్షార్హులు అని. ప్రజల డబ్బుతో అచ్చయిన పుస్తకం లైబ్రరీలో దొరకదు. దాని నకలుకి నకలు బజార్లో రొక్కానికి దొరుకుతుంది. ఆ నకలుకి నకలు తియ్యడం మాత్రం మహాపాపం. రేపు వీళ్ళే టీచర్లయి "కాపీ కొట్టడం తప్పు బాబూ" అని పిల్లలకి చెప్పాలి.

ఇక పోయినవాళ్ళ సంగతి. మన దేశంలో రచయిత చనిపోయాక 60 ఏళ్ళకి ఆయన రాసింది లోకం సొత్తవుతుంది. మొదట 50 ఏళ్ళే ఉండేది, ఠాగూరు పుస్తకాల గడువు ముంచుకొచ్చిందని 1992లో మరో పదేళ్ళు పొడిగించారు. దాని ప్రకారం లెక్క చూడండి. బందరు హైస్కూల్లో శిష్యకోటిని తయారుచేసిన చెళ్ళపిళ్ళ వేంకటశాస్త్రి గారు 1950లో పోయారు, 2011 నుంచి ఆయన రచనలు స్వేచ్ఛాజీవులు. జాతీయ కళాశాలలో ప్రిన్సిపాలుగా చేసిన అడివి బాపిరాజు గారు 1952లో పోయారు, 2013 నుంచి స్వేచ్ఛ. బందరులో డాక్టరుగా ప్రాక్టీసు మొదలెట్టి కాంగ్రెస్ చరిత్ర రాసిన పట్టాభి 1959లో పోయారు, 2020 జనవరి 1 నుంచి ఆయన రచనకి ఏ సంకెళ్ళూ లేవు. భట్లపెనుమర్రు పింగళి వెంకయ్య గారు 1963లో పోయారు, 2024 నుంచి ఆయన జెండా పుస్తకాన్ని ఎవరైనా ఎన్ని కాపీలైనా వేసుకోవచ్చు. పట్టాభి గారి పుస్తకం మొదటి అధ్యాయం జెరాక్స్ కావాలని కౌంటరులో అడిగి చూడండి. "కాపీరైట్" అనే అంటారు. స్వాతంత్ర్యం కోసం జైలుకెళ్ళిన మనిషి, పోయాక కూడా బీరువాలో శిక్ష అనుభవిస్తున్నారు.

నందమూరులో పుట్టి, బందరులో చదివి, బందరులోనే పాఠాలు చెప్పిన విశ్వనాథ సత్యనారాయణ గారు 1976లో పోయారు. ఆయన రచనల మీద హక్కులు 2036 డిసెంబరు 31 దాకా ఉన్నాయి. ఉండాలి కూడా. ఇక్కడ నా మాట స్పష్టంగా చెప్తాను. సొంత డబ్బుతో ఐదు వందల ప్రతులు వేసుకుని, మూడు వందలు మంచం కింద పెట్టుకున్న తెలుగు రచయిత పుస్తకాన్ని ఫోన్‌లో ఫోటోలు తీసి పీడీఎఫ్ చేసి వాట్సాప్ గ్రూపుల్లో పంచేవాళ్ళు నా దృష్టిలో దొంగలే. చదువు కోసం కాపీకి వీలిచ్చే కాపీరైట్ చట్టం 52వ సెక్షను వాళ్ళకి గొడుగు పట్టదు. కానీ చిత్రం చూడండి, వాళ్ళ జోలికి ఎవరూ పోరు. ఆ పీడీఎఫ్ పంపేవాళ్ళలో కొందరు పగలు కౌంటరు అవతలే కూర్చుని ఉంటారు.

చట్టం మన లైబ్రరీల చేతులు కట్టెయ్యలేదు. దేశంలో అమ్మకానికి దొరకని పుస్తకమైతే లైబ్రరీ తన అవసరానికి మూడు ప్రతుల దాకా తీసుకోవచ్చని అదే చట్టం చెప్తోంది. తీసినవాళ్ళని నేను చూళ్ళేదు. ఇవ్వడానికి సంతకం పెట్టాలి, పుస్తకం పోతే జీతంలో కోత పడుతుంది, ఖాళీ పోస్టులు నింపరు, ఉన్న ఒక్కరే మూడు సెక్షన్లు చూడాలి. లైబ్రేరియన్ల కష్టాలు నిజమే, కాదనను. ఆ మాటే చెప్పండి. "మనిషి లేడమ్మా, మిషన్ పాడైందమ్మా, భయమేస్తోందమ్మా" అనండి. కాపీరైట్ మీదికి తొయ్యకండి. అది ఆక్స్‌ఫర్డ్ వాళ్ళకే అచ్చిరాలేదు, మీకేం అచ్చొస్తుంది?

ఇక నాగాయలంక అమ్మాయికి ఒక మాట. ఈసారి వెళ్ళేటప్పుడు తెల్లకాగితం ఒకటి పట్టుకెళ్ళమ్మా. ఫలానా కోర్సు కోసం, ఫలానా మాస్టారు చెప్పిన ఫలానా అధ్యాయం, కాపీరైట్ చట్టం 1957, సెక్షను 52(1)(ఐ) కింద జెరాక్స్ తీసుకోవడానికి అనుమతి కోరుతున్నాను అని రాయి. మాస్టారి చేత కింద సంతకం పెట్టించు. ఇవ్వకపోతే ఎందుకివ్వరో అదే కాగితం మీద రాసి, తేదీ వేసి, సీలు కొట్టి ఇమ్మను. సీళ్ళు వాళ్ళ దగ్గర బోలెడున్నాయి.